సమాధిశిల అనే ఊరు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, ఆరిజోనా రాష్ట్రపు ఎడారి గుట్టల నడుమ, టూంబ్‌స్టోన్ అనే చిన్న పట్టణమున్నది. ఆ మాటకు సమాధిశిల అని అర్థం. ఇంతటి అమంగళకరమైన పేరు ఒక ఊరికి ఎందుకు వచ్చినది?

ఆ ప్రాంతం అపాచీల స్వస్థలం. వారికీ అమెరికా సైన్యానికీ పోరు సాగుతున్న రోజులలో, 1877లో, ఎడ్ షీఫెలిన్ ఒంటరిగా ఖనిజాల కోసం అక్కడి కొండలలో తిరిగినాడు. నీకు దొరికేది నీ సమాధిశిల ఒక్కటేనని సైనికులు అతనిని హెచ్చరించినారట. కాని అతనికి దొరికినది వెండి. తన తొలి గనికి ఆ పేరే పెట్టినాడు. 1879లో అదే ఊరి పేరైనది.

1881 అక్టోబరు 26న ఇక్కడ సుమారు ముప్పది సెకన్ల పాటు కాల్పులు జరిగి ముగ్గురు మరణించినారు. చలనచిత్రాల మూలాన లోకానికి తెలిసినది ఆ ముప్పది సెకన్లే. ఊరి కట్టడాలు మాత్రం వేరొక కథ చెబుతున్నవి.

అదే ఏడు షీఫెలిన్ సోదరుడు ఎండబెట్టిన మట్టి ఇటుకలతో విశాలమైన సభామందిరాన్ని కట్టించినాడు. మర్యాదస్థుల నాటకాలు అక్కడ జరిగేవి. గని కార్మికుల వినోదానికి బర్డ్ కేజ్ నాటకశాల ఉండేది. దాని గోడలలో తుపాకిగుండ్ల రంధ్రాలను నేటికీ చూపుతారు. 1882లో సెయింట్ పాల్ దేవాలయం, పురమందిరం, శిలువ ఆకారంలో రెండంతస్తుల ఇటుకల న్యాయస్థానం వెలసినవి. తుపాకి నీడలో బ్రతికిన జనం కొద్ది ఏండ్లలోనే ధర్మానికీ, దైవానికీ, వినోదానికీ చోటు కల్పించుకొన్నారన్నమాట.

ఈ ఊరికి మేలూ కీడూ నీటి వల్లనే కలిగినవి. పైన నీటి కరవు: 1881 జూన్‌లోను, 1882 మేలోను అగ్నిప్రమాదాలు వ్యాపారవీథులను బూడిద చేసినవి. దూరాన ఉన్న హువాచుకా పర్వతాల నుండి గొట్టాల ద్వారా నీరు తెచ్చుకోవలసివచ్చినది. క్రింద మాత్రం, ఐదు వందల అడుగులు దాటి త్రవ్వేసరికి, గనులలో ఆగని ఊట. దానిని తోడిపోసే యంత్రశాల ఒకటి 1886లో కాలిపోయినది. వెండి ధర కూడా పడిపోయినది. వచ్చినవారు వచ్చినట్లే వెడలిపోయినారు. 1929లో కౌంటీ ప్రజలు, అనగా మన జిల్లా వంటి విభాగపు ప్రజలు, తమ ముఖ్యస్థానాన్ని బిస్‌బీకి మార్చ నిశ్చయించినారు, న్యాయస్థానం మూగవోయినది.

అయితే ఈ పేదరికమే పాత కట్టడాలకు రక్ష అయినది. సంపద నిలిచియుంటే, వానిని పడగొట్టి కొత్త మేడలు లేపియుండేవారు కారా? 1959లో న్యాయస్థానాన్ని రాష్ట్రప్రభుత్వం చారిత్రక ఉద్యానంగా స్వీకరించినది. 1961లో ఊరి పాత భాగానికి జాతీయ చారిత్రక చిహ్నమన్న గౌరవం లభించినది.

కలిమిలేములు కావడికుండలన్నారు పెద్దలు. ఈ ఊళ్ళో కలిమి గోడలు లేపినది. లేమి వానిని కాపాడినది. కాలం మారి కలిమి తిరిగి వచ్చిన ఊళ్ళలో ఆ కాపలా పని మనుష్యులే చేయవలసియున్నది.