వాకిట మిగిలిపోయిన మూగప్రాణి

అద్దెకున్నవారు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతారు. మంచాలు, బీరువాలు, పూలకుండీలు సైతం లారీ ఎక్కుతాయి. పెరట్లో గొలుసుకు కట్టిన కుక్క మాత్రం అక్కడే ఉండిపోతుంది. రెండు మూడు వారాలు గడిచేసరికి దాని పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా తేలుతాయి, వెంట్రుకలు రాలి చర్మం పొలుసులు కడుతుంది, మెడకున్న పట్టీ మాంసంలోకి దిగుతుంది. అది ఎలాగో బయటపడి గల్లీలోకి వస్తే పిల్లలు రాళ్లు అందుకుంటారు. పెద్దలు నాపాక్ జంతువని చెప్పి తలుపు వేసుకుంటారు. మన పట్టణాలలో, మన మొహల్లాలలో ఇది అరుదైన దృశ్యమేమీ కాదు.

తలుపు వేసుకునే ఆ చేతికి ధర్మం నిజంగా ఏమి చెబుతోంది? సాయం చేయాలనుకున్నవారు ఏ క్రమంలో చేయాలి? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం తెలియకపోవడం వల్లనే చాలా ఇళ్లలో జాలి కలిగినా అది చేతల దాకా రాదు. మరికొన్ని ఇళ్లలో చేసిన సాయమే ఆ ప్రాణికి అపాయమవుతుంది.

శుభ్రతా నియమం వేరు, ప్రాణం విలువ వేరు

దప్పికతో అలమటిస్తూ తడిమట్టిని నాకుతున్న కుక్కను చూసి, ఒక బాటసారి బావిలోకి దిగి, తన తోలుమేజోడులో నీళ్లు నింపి, దానిని నోట కరచుకుని పైకి ఎక్కి, దానికి తాగించాడు. అల్లాహ్ అతని పనిని మెచ్చి క్షమాభిక్ష ప్రసాదించాడు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న ఈ హదీసు మనకు సుపరిచితమే. జంతువుల విషయంలోనూ మాకు పుణ్యం లభిస్తుందా అని సహచరులు అడిగినప్పుడు, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ ప్రతిఫలం ఉందని మహాప్రవక్త (స) సెలవిచ్చారు.

ఈ హదీసును ఉల్లేఖించినవారు హజ్రత్ అబూ హురైరా (రజి). కుక్క మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలన్న హదీసు ఉల్లేఖకులలోనూ వారే ఉన్నారు. ఒకే సహచరుని నోట రెండు బోధనలూ మనకు చేరాయి. ఒకటి పాత్రకు సంబంధించినది, మరొకటి ప్రాణానికి సంబంధించినది. పాత్రను కడగమన్న ఆదేశం ప్రాణిని దాహంతో వదిలేయమన్న అనుమతి కాదు.

ధర్మశాస్త్రవేత్తలు కూడా ఈ భేదాన్ని జాగ్రత్తగా పాటించారు. మాలికీ పండితుల దృష్టిలో సజీవమైన కుక్క అపరిశుద్ధం కాదు. షాఫయీ, హంబలీ పండితులు పాత్రను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగాలన్నారు. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ మస్లక్‌లో కుక్క లాలాజలం అపరిశుద్ధం. పాత్రను మూడుసార్లు కడగడం సరిపోతుంది. కుక్క పొడి శరీరం తగిలినంత మాత్రాన బట్టలు నాపాక్ కావు.

ఇంతకంటే ఆలోచింపజేసే విషయం తయమ్ముమ్ అధ్యాయంలో ఉంది. అల్లామా హస్కఫీ (రహ్మ) రచించిన హనఫీ గ్రంథం అద్‌దుర్రుల్ ముఖ్తార్‌లో, ఉన్న నీటితో వుజూ చేస్తే దాహానికి నీరు కరవయ్యే పరిస్థితిని తయమ్ముమ్‌ను అనుమతించే కారణాలలో ఒకటిగా పేర్కొన్నారు. ఆ దాహం తన కుక్కదైనా సరే అని కూడా చేర్చారు. నమాజుకై కేటాయించదలచిన నీటిని సైతం కుక్క దప్పిక కోసం దాచిపెట్టవచ్చన్న మాట!

హిజ్రీ 660లో పరమపదించిన షాఫయీ పండితుడు ఇజ్జుద్దీన్ ఇబ్నె అబ్దుస్సలామ్ (రహ్మ) మనిషిపై జంతువులకు గల హక్కులను వివరిస్తూ, జంతువు ముసలిదై, రోగగ్రస్తమై, ఎందుకూ పనికిరాకపోయినా యజమాని దాని పోషణ భారం వహించవలసిందేనన్నారు. ఇల్లు మారుతూ కుక్కను గొలుసుకు వదిలి వెళ్లినవారిపై ఈ మాట ఎంత బరువుగా పడుతుందో చెప్పనక్కరలేదు.

మన ఇళ్లలో ఎలా సాధ్యం?

వేట, పశువుల కాపలా, పొలం కాపలా వంటి అవసరం లేకుండా కుక్కను పెంచుకుంటే రోజూ పుణ్యంలో కోత పడుతుందన్న హదీసు ఉంది. కుక్క ఉన్న ఇంట దైవదూతలు ప్రవేశించరన్న హదీసూ ఉంది. కనుక ముచ్చట కోసం కుక్కను పడకగదిలోకి తెచ్చుకోవడం గురించి మనం మాట్లాడటం లేదు. చావుబతుకులలో ఉన్న ప్రాణికి కొన్ని వారాలు చికిత్స అందించడం గురించి మాట్లాడుతున్నాం. విషయంలో సందేహమున్నవారు తమ ఆలిమును సంప్రదించవచ్చు.

ఆచరణలో ఇది కష్టమేమీ కాదు. పెరడు, మెట్ల కింద చోటు, రేకుల షెడ్డు, మేడపై నీడ ఉన్న మూల, వీటిలో ఏదో ఒకటి చాలు. దానికి రెండు గిన్నెలు వేరుగా ఉంచండి. వాటిని వంటింటిలో కాక బయటి కుళాయి దగ్గర కడగండి. దానిని తాకే వేళకు ఒక పాత బట్టల జత కేటాయించుకోండి. పని ముగిశాక సబ్బుతో చేతులు కడిగి, బట్టలు మార్చుకుంటే నమాజుకు ఇబ్బంది ఉండదు. ఈ పద్ధతి వ్యాధులు సోకకుండా కూడా కాపాడుతుంది.

మొదటి రోజు

ముందుగా దూరం నుంచి గమనించండి. నోట చొంగ ఆగకుండా కారడం, తూలుతూ నడవడం, గొంతు మారడం, మింగలేకపోవడం, కనిపించిన ప్రతిదానినీ కరవబోవడం రేబిస్ సూచనలు కావచ్చు. అటువంటి కుక్క దగ్గరకు వెళ్లకండి. మునిసిపాలిటీకి లేదా పశువైద్యశాఖకు తెలపండి. ఈ లక్షణాలు లేకున్నా, వైద్యుడు చూసి టీకా వేసే వరకు పిల్లలను దూరంగా ఉంచండి. నొప్పితో ఉన్న కుక్క ఎంత సాధువైనదైనా కరవవచ్చు.

కరిచినా, గీరినా గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టి, వైద్యుడు చెప్పిన మోతాదులన్నీ పూర్తిచేయాలి. గాయంపై కారం, సున్నం, పసుపు అద్దడం మానండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం.

ఆ తర్వాత నీళ్లు. శుభ్రమైన నీటిని కొద్దికొద్దిగా, మాటిమాటికీ ఇవ్వండి. పడుకోవడానికి గోనెసంచి, నీడ, నిశ్శబ్దం కల్పించండి. దుర్వాసన వస్తోందని మొదటి రోజే స్నానం చేయించకండి. నీరసించిన శరీరం చలికి తట్టుకోలేదు. చిగుళ్లు చూడగలిగితే చూడండి. గులాబీ రంగులో ఉండవలసినవి పాలిపోయి ఉంటే రక్తం తగ్గిందని అర్థం. పిడుదులు, కడుపులోని పురుగులు దీనికి తరచుగా కారణమవుతాయి. వీలైనంత త్వరగా పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. ప్రభుత్వ పశువైద్యశాలలతో పాటు హైదరాబాదు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులు కూడా ఉన్నాయి.

ఆకలికి విందు పెట్టకండి

జాలిగుండె గలవారు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఎముకల గూడైన కుక్కను చూడగానే గిన్నె నిండా అన్నం పెడతారు. చాలాకాలం పస్తున్న శరీరానికి ఒక్కసారిగా ఆహారం, ముఖ్యంగా అన్నం, రొట్టె, తీపి వంటివి అందితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాలలోకి వెళ్లిపోతాయి. రక్తంలో వాటి కొరత ఏర్పడి గుండె, ఊపిరి దెబ్బతింటాయి. రెండవ ప్రపంచ యుద్ధానంతరం నిర్బంధం నుండి విడుదలైన ఖైదీలలో కొందరు ఈ విధంగానే కన్నుమూశారు.

రోజంతా ఉపవాసమున్న మనమే ఇఫ్తార్‌ను ఖర్జూరంతో, గుక్కెడు నీటితో ప్రారంభిస్తాము. వారాలుగా పస్తున్న ప్రాణికి ఇంకెంత నిదానం కావాలి!

పది కిలోల బరువున్న కుక్క కదలకుండా పడుకుని ఉన్నా దాని శరీరానికి రోజుకు సుమారు 400 క్యాలరీలు కావాలి. మొదటి రోజు అందులో నాలుగో వంతు, అంటే 100 క్యాలరీలు చాలు. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించి ఎముకలు తీసేసిన కోడిమాంసం దాదాపు 60 గ్రాములు అంత శక్తినిస్తుంది. దానినే ఐదారు భాగాలు చేసి, రోజంతా పంచి పెట్టండి. రెండవ రోజు సగం, మూడవ రోజు ముప్పాతిక, నాలుగవ రోజు పూర్తి మోతాదు. మరీ క్షీణించిన కుక్క విషయంలో వైద్యుడు ఇంతకంటే నిదానంగా పెంచమనవచ్చు. ఆ తరువాత బరువు పెరిగే కొద్దీ ఆహారం పెంచుకుంటూ పోవచ్చు. వారానికోసారి దానిని ఎత్తుకుని త్రాసు మీద నిలబడి, మీ బరువు తీసివేస్తే దాని బరువు తెలుస్తుంది.

దావత్‌లో మిగిలిన బిర్యానీ దానికి పెట్టడం మేలు కాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను నాశనం చేస్తాయి. ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది. కిస్‌మిస్, ద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్ విషం. పాలు చాలా కుక్కలకు విరేచనాలు తెప్పిస్తాయి. పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ వంటి మన ఇంటి మాత్రలు దానికి ప్రాణాంతకం కావచ్చు.

చర్మం, పుండ్లు, పురుగులు

గజ్జి పట్టిన కుక్కకు వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయడం మన దగ్గర పాత అలవాటు. కుక్క తన ఒంటిని నాకుతుంది, ఆ విషం కడుపులోకి పోతుంది. కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది. గజ్జిలో రకాలున్నాయి. ఒక రకం మనుషులకు సోకి కొన్నాళ్లు దురద పుట్టిస్తుంది, మరొక రకం సోకదు. వైద్యుడు చర్మాన్ని కాస్త గీకి సూక్ష్మదర్శినిలో చూసి ఏ రకమో తేలుస్తాడు, తగిన మందు ఇస్తాడు. వెంట్రుకలు తిరిగి రావడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులకే నిరాశపడి మందు ఆపకూడదు.

మెడలోకి దిగిన పట్టీని ఇంట్లో లాగి తీయవద్దు. పురుగులు పడిన పుండులో ఫినాయిల్, పెట్రోలు పోయవద్దు. ఈ రెండూ వైద్యుని చేతి పనులు. పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి మందు సాధారణంగా నాలుగు వారాల పాటు సాగుతుంది. పురుగుల మందు, రేబిస్ టీకా, ఇతర టీకాలు ఎప్పుడు వేయాలో దాని శక్తిని బట్టి వైద్యుడే నిర్ణయిస్తాడు.

భయం అన్నిటికంటే ఆలస్యంగా మానుతుంది

శరీరం కోలుకుంటున్నా, చెయ్యెత్తితే ఒదిగిపోయే కుక్కలు ఉంటాయి. తమపై ఎత్తిన ప్రతి చేతిలోనూ అవి కర్రనే చూస్తాయి. అటువంటి దానిని బలవంతంగా నిమరకండి. దాని కళ్లలోకి సూటిగా చూడకండి. కొంచెం పక్కకు తిరిగి కూర్చుని, అదే వేళకు, అదే చోట, అదే గిన్నెలో ఆహారం పెట్టండి. కొన్నాళ్లకు అది మీరు వచ్చే దారి చూస్తుంది. ఇంకొన్నాళ్లకు తోక కదులుతుంది. తనంతట తాను దగ్గరకు వచ్చి వాసన చూసిన రోజు, దాని భయం తగ్గుముఖం పట్టిందని తెలుసుకోండి.

టీకా పూర్తయి, వైద్యుడు భయం లేదన్నాక పిల్లలకు ఈ పనిలో భాగం ఇవ్వండి. నీళ్లగిన్నె నింపడం, బరువు రాసిపెట్టడం వంటివి వారు పెద్దల సమక్షంలో చేయగలరు. నిన్నటి దాకా రాయి పట్టిన చేతికి ఇంతకంటే మంచి తర్బియత్ దొరకదు.

కోలుకున్నాక?

పొలమున్నవారికి, దుకాణానికో ఇంటికో కాపలా అవసరమైనవారికి అటువంటి కుక్క నమ్మకమైన తోడవుతుంది. దివ్యఖుర్ఆన్ కహఫ్ సూరా గుహవాసులతో పాటు, గుమ్మం దగ్గర కాళ్లు చాచుకుని పడుకున్న వారి కుక్కనూ ప్రస్తావించింది. పెంచుకునే బాధ్యతగల కుటుంబం దొరికితే అప్పగించవచ్చు. అప్పగించే ముందు సంతాననిరోధక శస్త్రచికిత్స, టీకాలు పూర్తయ్యేలా చూడటం మేలు. వీధికుక్కయితే, 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటనే వదలాలి.

పెంచిన జంతువును వదిలివేయడం, తిండీ నీరూ ఇవ్వకపోవడం, అకారణంగా గంటల తరబడి గొలుసుకు కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షను ప్రకారం నేరాలు. మొదటిసారి నేరానికి ఆ చట్టం విధించిన జరిమానా పది రూపాయల నుండి యాభై రూపాయలు మాత్రమే. చట్టం అంత తేలికగా వదిలిపెట్టవచ్చు. కానీ పిల్లిని బంధించి, తిండి పెట్టక, తానుగా వెతుక్కుని తిననీయక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైందని మహాప్రవక్త (స) హెచ్చరించారు. విశ్వాసికి భయం కలగవలసింది ఈ లెక్క గురించే.

ఇంత చేసినా కొన్ని కుక్కలు బతకవు. చికిత్స ఆలస్యమై ఉండవచ్చు, మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు ఇంటిల్లిపాదికీ, ముఖ్యంగా పిల్లలకు, పడిన శ్రమంతా వృథా అయిందనిపిస్తుంది. వారికి ఆ బాటసారి హదీసునే మరొకసారి వినిపించండి. అతను నీళ్లు తాగించిన కుక్క ఆ తరువాత ఎన్నాళ్లు బతికిందో హదీసు చెప్పదు. అతను బావిలోకి దిగాడు, నీళ్లు తెచ్చి తాగించాడు. క్షమాభిక్ష లభించింది ఆ పనికే.