తలకొక డాలరు

కెనడా దేశమున ప్రతి సెప్టెంబరునందును ఊరూర నొక పరుగు జరుగుచుండును. అందు పందెము లేదు, బహుమానము లేదు, ప్రవేశ రుసుము లేదు. తల్లులు పసిబిడ్డలను బండ్లలో నుంచి త్రోయుచు వత్తురు, వృద్ధులు నడతురు. వచ్చిన విరాళములు క్యాన్సరు పరిశోధనకు చేరును.

దీనికి మూలపురుషుడు టెరీ ఫాక్సు. ఎముక క్యాన్సరుచే 1977లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, కుడికాలు గోల్పోయిన యీ యువకుడు 1980 ఏప్రిలు 12వ తేదీన కృత్రిమపాదముతో తూర్పుతీరమునుండి పడమటికి పరుగిడ నారంభించెను. 143 దినములలో 5,373 కిలోమీటర్లు గడచెను. వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకుటచే నిలువవలసివచ్చెను. 1981 జూను 28వ తేదీన దివంగతుడయ్యెను. ఆ సెప్టెంబరునందే మూడు లక్షల మంది యాతని పేర పరుగిడి 35 లక్షల డాలర్లు కూర్చిరి.

ఆతడు ధనికులను మాత్రమే యాచింపలేదు. దేశీయులందరిని తలకొక డాలరు కోరెను. దాతల శిలాఫలకముల కలవాటుపడిన మనము గమనింపదగిన దిదియే. మఱియొకటి గలదు. మన గ్రామములలో రాచపుండు పేరెత్తుటకే జంకువా రింకను గలరు. రోగమును దాచిన యింట చికిత్స యాలస్యమగును. బిడ్డలతో గూడి పదిమంది నడుమ ఆ పేరు నిర్భయముగ పలుకు దినమొకటి మన యూళ్లకును వలయునని మేము కోరుచున్నాము.