పసిబిడ్డతో కళింగనగర దర్శనం

ఐరోపాలోని రోము వంటి ప్రాచీన నగరాలకు నాలుగేళ్ళ బిడ్డలను ఎత్తుకొని వెళ్ళే మనవారు, స్వగ్రామానికి వచ్చినప్పుడు శ్రీముఖలింగమంటే మాత్రం "పసివానికి ఏం తెలుస్తుంది?" అని వెనుకాడుతుంటారు. శ్రీకాకుళం జిల్లాలో వంశధారాతీరాన ఉన్న ఈ గ్రామమే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారుల నిర్ణయం. 1078లో పట్టాభిషిక్తుడై, పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకొన్న అనంతవర్మ చోడగంగదేవుడు ఈ వంశంవాడే.

బిడ్డకు ఈ సంవత్సరాలతో పనిలేదు. మధుకేశ్వరుని గర్భాలయంలో స్వామి వెనుకనున్న పెద్ద మట్టి గోలెమును చూపండి. ఒక కుమ్మరి మొక్కు తీర్చుకొనడానికి దానిని తెచ్చాడనీ, ద్వారం కన్న పెద్దదైన ఆ గోలెము స్వామి మహిమవల్లనే లోపలికి చేరిందనీ పెద్దలు చెబుతారు. "ఎలా పట్టింది తాతా?" అని వాడు అడగక మానడు. అడగనివ్వండి.

స్వామి సన్నిధిలో బిడ్డ ఏడిస్తే అపచారమని కొందరు తల్లులు కలవరపడి, దర్శనం కాకుండానే వెనుదిరుగుతారు. అర్చకునిగా చెబుతున్నాను, అది అపచారం కాదు. బిడ్డను పెద్దలకు అప్పగించి ఒకరి తరువాత ఒకరు దర్శించుకోండి. సోమేశ్వరాలయానికి ముఖమండపం లేదు. ఆరుబయట నిలిచి, గోడలపై శిల్పాలను వేలితో చూపుతూ బిడ్డను ఊరడించవచ్చు.

శివరాత్రి చక్రతీర్థ స్నానాల రద్దీలో మాత్రం పసివారిని తీసుకురావద్దు. వేసవిలో ఉదయమే రండి. ఎండ ముదిరితే రాతిపలకలు చిన్ని పాదాలను కాల్చేస్తాయి. ఓపిక మిగిలితే మరొకనాడు శ్రీకూర్మం వెళ్ళి, కూర్మనాథుని సేవించి, అక్కడి నక్షత్ర తాబేళ్ళను దూరం నుంచే చూపించండి.