రుఖాలో రాసిన రాత్రి ఏది?

మా రెండో అమ్మాయి నికాహ్ 2015లో, షవ్వాల్ నెలలో ఒక గురువారం రాత్రి జరిగింది. మా బడిలో తెలుగు పండితులు ఒకరున్నారు. ఇరవై ఏళ్ళు నాతో కలిసి పనిచేసినవారు. మా అమ్మాయికి గుణింతాలు నేర్పింది ఆయనే. ఆయన శుక్రవారం రాత్రి సతీసమేతంగా, చేతిలో చీరె ప్యాకెట్టుతో షాదీఖానాకు వెళ్ళారు. అక్కడ కుర్చీలు లారీకి ఎక్కిస్తున్నారు.

తప్పు నాదే. రుఖాలో ‘షబె జుమా’ అని ఉర్దూలో రాసిచ్చాను. ప్రెస్సు కుర్రవాడు తెలుగు వైపు ‘శుక్రవారం రాత్రి’ అని వేశాడు. మన లెక్కలో సూర్యుడు అస్తమించగానే మరునాడు మొదలవుతుంది గనుక షబె జుమా అంటే గురువారం రాత్రే. ఈ సంగతి ఆ కుర్రవాడికి ఎలా తెలుస్తుంది? ప్రూఫు చూసింది నేను. నా కళ్ళన్నీ ఉర్దూ వైపే ఉన్నాయి. హిజ్రీ తేదీ చాలు, ఇంగ్లీషు తేదీ ఎందుకన్నదీ నేనే.

హిజ్రీ తేదీతో మరో చిక్కుంది. రంజాన్ పండుగ వెళ్ళగానే మన ఇళ్ళలో పెళ్ళిళ్ళు జోరందుకుంటాయి. వాటి రుఖాలు చాలావరకు షాబాన్‌లోనే అచ్చవుతాయి. అప్పటికింకా రంజాన్ నెలవంకే కనబడి ఉండదు. నెలకు 29 రోజులో 30 రోజులో చంద్రుడు కనబడితేగాని తేలదు. అందుచేత ముందే వేసిన హిజ్రీ తేదీ ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. హిజ్రీ తేదీ వద్దని నేననను, అది మన గుర్తు. కాని అతిథిని నడిపించవలసింది వారం పేరు, ఇంగ్లీషు తేదీ. అవి పెద్ద అక్షరాల్లో ఉండాలి. ‘ఇషా నమాజు తర్వాత’ అన్న మాట పక్కన గంట కూడా వేయించండి. చలికాలపు ఇషాకూ వేసవి ఇషాకూ సుమారు గంట తేడా ఉంటుంది. పొరుగింటి హిందూ సోదరులకు అది తెలియవలసిన పని లేదు. ఆ మాటకొస్తే మన పిల్లల్లోనే ఉర్దూ చదవగలిగినవారెందరు?

రుఖా పైన ఖుర్‌ఆన్ వాక్యం వేయించేవారు పెళ్ళయిన వారానికి ఆ కార్డు ఎక్కడ ఉంటుందో ఆలోచించాలి. మురుగుకాల్వ పక్కన నేనే ఎన్నో ఏరాను. పెద్దలు చాలామంది ‘బాస్మిహీ తఆలా’ అని రాసి ఊరుకునేది అందుకే.

హైదరాబాదు ఛత్తా బజార్‌లో ఒకప్పుడు కాతిబులు కలంతో రుఖాలు రాసేవారు. ఇప్పుడు నస్తాలీఖ్ కూడా కంప్యూటరే రాస్తుంది. మఖ్మల్ అంటించిన పెట్టెలు, లోపల మిఠాయి కూడా వచ్చాయి. డబ్బున్నవారికి పెట్టె, లేనివారికి పలచటి కాగితం పంచే ఇళ్ళు చూశాను. ధనికులను పిలిచి పేదలను వదిలేసిన వలీమా విందు అన్నిటికన్నా చెడ్డదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆయన సహచరులు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వివాహమాడిన సంగతి, బట్టల మీద పసుపు వన్నె చూశాకగాని ప్రవక్త (స)కు తెలియలేదు. ఆయన నొచ్చుకోలేదు. దుఆ ఇచ్చి, ఒక్క గొర్రెతోనైనా వలీమా చేయమన్నారు. రుఖా ధర్మం విధించినది కాదు, మన సౌకర్యం కోసం పెట్టుకున్నది. అందరికీ ఒకే కార్డు ఇస్తే ఏం పోతుంది?

ఇక పంచే సమయం. ఊళ్ళోవారికి పది పన్నెండు రోజుల ముందు ఇస్తే చాలు, మరీ ముందిస్తే మరిచిపోతారు. పొరుగూరివారికి నెల కావాలి. గల్ఫ్‌లో ఉన్న మేనమామకు సెలవు, టికెట్టు దొరకాలంటే తేదీ ఖాయమైన రోజే ఫోనులో చెప్పాలి. వాట్సాప్‌లో కార్డు ఫొటో పంపి పని అయిందనుకునేవారున్నారు. సొంత మేనత్తకు అలా పంపితే ఆమె వస్తుందా? నేనైతే రాను.

ఆ శుక్రవారం రాత్రి పండితులు మా ఇంటికే వచ్చారు. ఒక్క మాట అనలేదు. అమ్మాయి అప్పటికే అత్తవారింట ఉంది. చీరె మా ఆవిడ చేతికిచ్చి, టీ తాగి వెళ్ళారు. 2019లో మా అబ్బాయి నికాహ్ రుఖా ప్రూఫు రాగానే తిన్నగా ఆయన ఇంటికి తీసుకుపోయాను. ఎర్ర కలంతో రెండు ఒత్తులు దిద్ది, వారం పేరు కింద గీత గీశారు. ఉర్దూ వైపు తిప్పి, “ఇది మాత్రం ఇంకెవరికైనా చూపించండి మాష్టారూ, మీరు చూడకండి” అన్నారు.