రొమ్ము గడ్డలు - విటమిను మాత్రలు

నెలసరికి ముందు రొమ్ములు బరువెక్కి, సలుపుచు, చేతికి గడ్డలవలె తగులుట పెక్కుమంది స్త్రీలకు కలుగు బాధ. ఇట్టివి చాలవరకు కాన్సరు కావు. వీనికి ‘ఇ’ విటమిను గుణమిచ్చునని 1965లో అమెరికాలో ఒక వైద్యుడు ప్రకటించెను. కాని 1985లో అచటనే ప్రకటితమైన రెండు పరిశోధనలలో కొందరికి విటమినును, కొందరికి మందులేని ఉత్త మాత్రలను, ఏది ఎవరికో తెలియనీయక ఇచ్చి చూడగా, చెప్పదగిన భేదము కానరాలేదు. ఈ నొప్పి పలువురిలో తనంత తానే తగ్గును. కీర్తి మాత్రకు దక్కును!

మాత్ర ఖర్చుకన్న కాలహరణమే ప్రమాదకరము. కదలని గట్టి గడ్డ, లోనికి పోయిన చనుమొన, రక్తస్రావము కనిపించినచో, నొప్పి లేకున్నను వెంటనే వైద్యపరీక్ష అవసరము. ముప్పదేండ్లు నిండిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో రొమ్ము పరీక్ష ఏర్పాటు కలదు. సిగ్గుచే దాచుకొనువారికి ఈ సంగతి ఆరోగ్య కార్యకర్తచే చెప్పించుట పంచాయతీ సభ్యురాండ్రు పూనుకొనదగిన పని.