సాక్ష్యం చెప్పడానికి సిద్ధం కావడం

క్రిమినల్ కేసులో సాక్షిగా రమ్మని మీకు సమన్లు అందాయనుకోండి. కేసు నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీ చూసుకున్నాక అసలు పని మొదలవుతుంది: మీరు స్వయంగా చూసినదేది, ఇతరులు చెప్పగా విన్నదేది అని విడదీసుకోవాలి. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 55వ సెక్షన్ ప్రకారం మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షమైనదై ఉండాలి. ప్రమాదం జరిగాక అక్కడికి చేరిన వ్యక్తి "లారీ వేగంగా వచ్చింది" అని చెబితే, "మీరు చూశారా?" అన్న ఒక్క ప్రశ్నతో ఆ మాట వీగిపోతుంది. అతడు నిజంగా చూసిన విషయాలపైనా అనుమానం కలుగుతుంది.

దర్యాప్తులో పోలీసులు రాసుకున్న మీ వాంగ్మూలంపై మీ సంతకం ఉండదు. అయినా బోనులో మీరు దానికి భిన్నంగా చెబితే డిఫెన్స్ న్యాయవాది ఆ తేడాను ఎత్తిచూపవచ్చు. అలాగని దానిని బట్టీపట్టకండి (చాలామంది చేసే పొరపాటు ఇదే). ఏళ్ళ తరువాత విచారణకు వచ్చిన కేసులో ప్రతి నిమిషమూ గుర్తుండటమే అసహజం. గుర్తులేకపోతే ఆ మాటే చెప్పండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో సమాధానాన్ని సూచించే ప్రశ్నలను చట్టం అనుమతిస్తుంది; అందువల్ల ప్రశ్న పూర్తిగా విన్నాకనే బదులివ్వండి, అర్థంకాకపోతే మళ్ళీ అడగమనండి.

రానుపోను ఖర్చులు ఇప్పించమని కోర్టును కోరవచ్చు. బస్సు టికెట్లు దాచుకోండి.