నిద్ర మానితే కరిగేది కొవ్వు కాదు

మా పెద్దక్క గుంటూరులో టీచరు. వయసు 48, బరువు 79 కిలోలు. ఈ రెండో అంకె అచ్చులో చూసిందంటే నెల రోజులు నాతో మాట్లాడదు. అయినా చెప్పక తప్పదు, ఈ వ్యాసం పుట్టిందే అక్కడ. దసరాకు ముందు ఎవరో ఆమెను బరువు తగ్గించే వాట్సాప్ గ్రూపులో చేర్చారు. 40 రోజుల ఛాలెంజ్. తెల్లవారుజామున 4 గంటలకల్లా లేచి సెల్ఫీ పెట్టాలి. గంటసేపు నడవాలి. రాత్రీ పగలూ కలిపి 5 గంటలకు మించి నిద్రపోకూడదు. "పడుకున్న ఒంట్లో కొవ్వు పేరుకుంటుంది, మేలుకున్న ఒంట్లో కరుగుతుంది" అన్నది కోచ్ గారి సూక్తి. దాని కింద రోజూ బారెడు చప్పట్ల బొమ్మలు.

సెలవుల్లో వెళ్లి నాలుగు రోజులు ఉన్నాను. అందరికీ వడ్డించి, గిన్నెలు తోమి, పొద్దుటికి ఇడ్లీపిండి కలిపి పెట్టి, పరీక్ష పేపర్లు దిద్ది అక్క నడుం వాల్చేసరికి రాత్రి 11:30. ఫోను 3:45కి మోగుతుంది. పగలు ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, సాయంత్రం 5 అయ్యేసరికి వీధి చివరి బండి దగ్గర్నుంచి మిరపకాయ బజ్జీల పొట్లం ఇంట్లోకి వచ్చేస్తుంది. "ఏమిటోరా, ఈమధ్య ఆకలి ఆగట్లేదు. నడుస్తున్నా కదా, అందుకే" అంది. నడక వల్ల కాదక్కా అంటే, "నువ్వు 8 దాకా మొద్దునిద్ర పోబట్టే ఆ పొట్ట" అని నా నోరు మూయించింది.

ఆ తర్వాత పది రోజులకు, బడికి వెళ్తూ లాడ్జి సెంటర్ దగ్గర సిగ్నల్ పడితే స్కూటీ ఆపి, ఆపిన చోటే కునుకు తీసింది. బండితో సహా పక్కకు ఒరిగిపోయింది. మోచేతికి 6 కుట్లు. కట్టు కట్టించుకుని ఇంటికి రాగానే ఫోన్ చేసి అన్న మొదటి మాట: "పడితే పడ్డాను గానీ, 3 కిలోలు తగ్గానురా."

ఆ 3 కిలోల సంగతే తేల్చుకుందాం.

అపోహ: నిద్ర తగ్గించుకుంటే బరువు తగ్గుతుంది

వాస్తవం: తూకం మిషను అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఎంత తగ్గిందో చెబుతుంది గానీ, ఏది తగ్గిందో చెప్పదు. షికాగో విశ్వవిద్యాలయంలో ప్లామెన్ పెనెవ్ బృందం ఆ రెండో ప్రశ్న అడిగింది. వాళ్ల ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. అధిక బరువున్న 10 మందిని పరిశోధనశాలలోనే ఉంచి, కేలరీలు తగ్గించిన తిండి కొలిచి పెట్టారు. ఒక విడత రెండు వారాలు, రాత్రికి ఎనిమిదిన్నర గంటలు పడక మీద ఉండనిచ్చారు. ఇంకో విడత మళ్లీ రెండు వారాలు, అదే మనుషులకు ఐదున్నర గంటలే ఇచ్చారు. రెండు విడతల్లోనూ తగ్గిన బరువు దాదాపు ఒకటే, 3 కిలోలు. సరిగ్గా మా అక్క తగ్గినంత. కాకపోతే నిండా పడుకున్న విడతలో పోయిన కొవ్వు 1.4 కిలోలు, నిద్ర కోసేసిన విడతలో 0.6 కిలోలు. మిగిలిందంతా కొవ్వు కాని సరుకు, అంటే కండ, నీరు వగైరా. తిండి తగ్గించి కడుపు మాడ్చుకున్నది కొవ్వు కోసమైతే, నిద్ర లేని ఒళ్లు దాన్ని దాచిపెట్టుకుని కండను ఖర్చు రాసింది.

10 మంది చిన్న లెక్కేనంటారా? ఒప్పుకుంటాను. 5 గంటల నిద్ర కొవ్వు కరిగిస్తుందని చూపే ప్రయోగం ఆ పాటిదైనా కోచ్ గారి దగ్గర ఉంటే పట్టుకు రమ్మనండి.

ఇంకో సంగతి. ఆ పరిశోధనశాలలో తిండి కొలిచి పెట్టారు. గుంటూరులో బజ్జీల బండికి కొలత ఎవరు పెడతారు? అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్‌ను 1994లో కనిపెట్టారు, ఆకలి వేస్తోందని చెప్పే ఘ్రెలిన్‌ను 1999లో. 2004లో షికాగోలోనే 12 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను రెండు రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చి చూశారు. బాగా పడుకున్నప్పటితో పోలిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఘ్రెలిన్ 28 శాతం పెరిగింది, ఆకలి 24 శాతం పెరిగింది. తర్వాతి ప్రయోగాలన్నిట్లో ఈ హార్మోన్ల లెక్కలు ఇంత నిక్కచ్చిగా రాలేదు. కానీ నిద్ర తగ్గితే తిండి పెరుగుతుందన్న మాట మాత్రం మళ్లీ మళ్లీ రుజువవుతూనే ఉంది.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. నిద్ర చాలని ఆకలి మాత్రం రుచిని బాగానే ఎరుగును. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2013లో, ఒక రాత్రంతా మేలుకున్నవాళ్లకు తిండి బొమ్మలు చూపిస్తూ మెదడును స్కాన్ చేశారు. ఆలోచించి ఎంచుకునే భాగాలు మందగించాయి, ఆశపెట్టే భాగం చురుకెక్కింది, మనసు కేలరీలు దండిగా ఉన్నవాటి మీదికే పోయింది. సాయంత్రం 5 గంటలకు మా అక్క కీరా ముక్కల కోసం బజారుకు వెళ్లకపోవడానికి కారణం బలహీనత కాదు, ముందురోజు రాత్రి.

"మేలుకుంటే కేలరీలు ఎక్కువ ఖర్చవుతాయి కదా?" అవుతాయి. ఎన్నో లెక్కేద్దాం. 65 కిలోల మనిషి నిద్రలో గంటకు సుమారు 60 కేలరీలు ఖర్చు చేస్తుంది. మేలుకుని కూర్చుంటే సుమారు 85. అంటే ఒక గంట నిద్ర చంపుకుంటే వచ్చే లాభం ఒక మారీ బిస్కెట్. నాలుగు మిరపకాయ బజ్జీలైతే 200కి తగ్గవు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ఈ జమాఖర్చు మనుషుల మీదే వేశారు. 16 మందిని 5 రోజులు తక్కువ నిద్రతో ఉంచితే ఖర్చు నిజంగానే 5 శాతం పెరిగింది. తిండి అంతకంటే ఎక్కువ పెరిగింది, అదీ రాత్రి భోజనం అయ్యాక తిన్న చిరుతిళ్లతో. ఆ కొద్ది రోజుల్లోనే సగటున 0.8 కిలోల బరువు పెరిగారు.

మరి నిద్ర పెంచితే? 2022లో ఎస్రా తసాలి బృందం రాత్రికి ఆరున్నర గంటల లోపే నిద్రపోయే, అధిక బరువున్న 80 మందిని తీసుకుంది. సగంమందికి త్వరగా, బాగా పడుకోవడం ఎలాగో ఒకసారి కూర్చోబెట్టి చెప్పారు, అంతే. తిండి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరింట్లో వాళ్లు, ఎవరి వంట వాళ్లు. రెండు వారాల్లో వాళ్ల నిద్ర రాత్రికి గంటా పావు దాకా పెరిగింది. అవతలి సగంతో పోలిస్తే రోజుకు దాదాపు 270 కేలరీల తిండి దానంతటదే తగ్గింది. అంటే, ఆ బజ్జీల పొట్లం తగ్గింది. ఎవరూ వద్దనకుండానే.

పురాణాలు కావాలా? కుంభకర్ణుడు ఆరు నెలలు నిద్రపోయినందుకు లావెక్కలేదు, లేచాక బళ్ల కొద్దీ తిన్నాడు. 14 ఏళ్లు నిద్రపోయిన ఊర్మిళాదేవి లావైందని పాడిన అమ్మమ్మను నేనింతవరకు చూడలేదు.

అపోహ: చరకుడే చెప్పాడు

ఈ గ్రూపుల్లో ఆఖరి బాణం ఇది. కొట్టిపారేయను. చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో స్థూలకాయులు జాగరణ, వ్యాయామం, ఆలోచన వంటివి పెంచుకోవాలని నిజంగానే ఉంది. "క్రమంగా" పెంచుకోవాలనీ ఉంది. ఫార్వర్డ్ చేసేటప్పుడు ఆ మాట రాలిపోయింది. మనిషి సుఖదుఃఖాలు, పుష్టి, బక్కచిక్కడం, బలం, బలహీనత అన్నీ నిద్ర మీదే ఆధారపడి ఉన్నాయని కొద్ది శ్లోకాల తర్వాత అదే అధ్యాయం చెబుతుంది. అదీ రాలిపోయింది. పైగా రాత్రి 11:30కి గిన్నెలు తోమి, స్కూటీ మీద బడికి పోయే టీచరమ్మను ఉద్దేశించి ఆ శ్లోకం రాయలేదు.

అపోహ: మధ్యాహ్నం తిని పడుకుంటే ఒళ్లొస్తుంది

ఇక్కడ మాత్రం మా నాన్నమ్మకు సగం మార్కులు వేయాలి. స్పెయిన్‌లోని ముర్సియాలో 3 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరిశీలించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, మధ్యాహ్నం అరగంటకు మించి పడుకునేవాళ్లలో లావు ఎక్కువ కనిపించింది. అరగంట లోపు కునుకులో ఆ జాడ లేదు. పడక వల్ల లావొచ్చిందా, లావు వల్ల మగత వచ్చిందా అన్నది ఇలాంటి అధ్యయనాలు తేల్చలేవు. కానీ మధ్యాహ్నం రెండు గంటలు ముసుగు తన్నినవాళ్లకు రాత్రి 12 దాకా నిద్ర పట్టదనీ, ఆ మెలకువలో ఫోనూ, కారప్పూసా తోడవుతాయనీ చెప్పడానికి అధ్యయనం అక్కర్లేదు. 20 నిమిషాల కోడి కునుకైతే హాయిగా తీయండి.

అపోహ: గురక పెడుతున్నాడంటే గాఢ నిద్రలో ఉన్నట్టే

ఇది నవ్వుకుని వదిలేసే మాట కాదు. గట్టిగా గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడటం, పగలు కూర్చున్నచోటే జోగడం, ఈ మూడూ కలిస్తే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. లావు వల్ల గొంతులో దారి ఇరుకవుతుంది, దానివల్ల నిద్ర చెడుతుంది, నిద్ర చెడి లావు పెరుగుతుంది. ఇలాంటి మనిషిని 4 గంటలకు లేపి నడిపించడం కాదు, ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికో, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికో తీసుకెళ్లాలి.

చిల్లర అపోహలు

దుప్పటి ముసుగేసి చెమట పట్టించుకుంటే తగ్గేది నీళ్లే, చెంబెడు తాగితే తిరిగొస్తాయి. రాత్రి జీలకర్ర నీళ్లు తాగితే నిద్రలో కొవ్వు కరగదు, మధ్యలో ఒకసారి లేవాల్సొస్తుంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఛాతీలో మంట తగ్గొచ్చు, నడుము కొలత తగ్గదు. ఒక పెగ్గు వేస్తే నిద్ర త్వరగా పడుతుంది, తెల్లవారుజామున అదే లేపి కూర్చోబెడుతుంది. వారమంతా ఎగ్గొట్టి ఆదివారం బాకీ తీర్చుకోవడం కుదరదని 2019లో కొలరాడో వాళ్లే తేల్చారు. ఇక "నిద్రపోతే చాలు, డైటూ నడకా అక్కర్లేదు" అని దీన్ని అవతలికి లాగే వీరులకు కూడా ఒక మాట: నిద్ర బరువు తగ్గించదు, బరువు తగ్గనిస్తుంది. ఈ రెండూ ఒకటి కాదు.

మరి ఏం చేయాలి?

పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. 4 గంటలకు లేవడం తప్పేం కాదు, 9 గంటలకు పడుకునేటట్టయితే. మా తాత బ్రాహ్మీముహూర్తంలో లేచేవాడని చెప్పేవాళ్లు, రాత్రి 8 గంటలకు ఆయన మంచమెక్కేవాడని కూడా చెప్పాలి. కాబట్టి లేచే టైము కాదు, పడుకునే టైము సరిచేసుకోండి. ఒక్కరోజులో రాదు. వారానికో పావుగంట ముందుకు జరపండి. సాయంత్రం 5 దాటాక కాఫీ, టీ మానండి, వాటి ప్రభావం సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి భోజనం పడకకు రెండు, మూడు గంటల ముందే ముగించండి. ఫోను పక్కగదిలో చార్జింగుకు పెట్టండి. హైదరాబాదులో అమెరికా వేళలకు పనిచేసే పిల్లలు పగలు పడుకునే గదికి మందపాటి తెరలు కట్టుకోండి, అర్ధరాత్రి బిర్యానీ మానండి, సెలవు రోజుల్లో కూడా వేళలు మరీ తిరగేయకండి. నడక తప్పకుండా నడవండి, కానీ నిద్రలోంచి దొంగిలించిన గంటలో కాదు. సాయంత్రం నడిచినా కాళ్లు ఏమీ అనుకోవు.

ఆఖరి మాట ఆడవాళ్లకు కాదు, వాళ్ల ఇంట్లోవాళ్లకు. మా అక్క 11:30కి పడుకునేది బద్ధకం వల్ల కాదు, క్రమశిక్షణ లేక అంతకన్నా కాదు. ఆ ఇంట్లో అందరికంటే చివర పడుకుని అందరికంటే ముందు లేచే మనిషి ఆమె. ఆమె బరువు గురించి ఆ ఇంట్లో అందరూ మాట్లాడతారు, గిన్నెల గురించి ఎవరూ మాట్లాడరు. కుట్లు పడ్డాక బావ 20 రోజులు ఆ గిన్నెలు తోమాడు. ఆ 20 రోజులూ అక్క పదిన్నరకు పడుకుని 6 గంటలకు లేచింది, బజ్జీల పొట్లం రెండుసార్లే వచ్చింది. ఇప్పుడు చెయ్యి నయమైంది. బావా, ఈ వ్యాసం చదువుతుంటే, ఆ గిన్నెల పని మాత్రం మళ్లీ అక్కకు అప్పజెప్పకండి.